నీళ్లు మార్చాక చేపలు పైకి తేలి గుటకలు వేస్తుంటే

భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 జింకును లీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు అంగీకరిస్తుంది. కాల్షియం వంటి ఖనిజాలు తక్కువగా ఉన్న మెత్తని నీటిలో అంత జింకు ఎన్నో రకాల మంచినీటి చేపల ప్రాణం తీయగలదు. మనం తాగే నీరు తొట్టిలోని చేపకూ మంచిదేనన్న నమ్మకాన్ని ముందుగా వదులుకోవాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కావేరి, బోరు, ట్యాంకరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి కనుక ఇది మరీ అవసరం.

లక్షణం: నీరు మార్చిన కొద్ది గంటల్లో చేపలు పైకి చేరి గుటకలు వేస్తాయి, మొప్పల మీద జిగురు పేరుకుంటుంది. అమ్మోనియా, క్లోరిన్ కూడా ఇలాంటి బాధనే కలిగిస్తాయి కనుక మొదట వాటిని పరీక్షించాలి. అవి సరిగానే ఉండి, చేపల కంటే ముందే నత్తలు, చిన్న రొయ్యలు చనిపోయి ఉంటే రాగిని గట్టిగా అనుమానించాలి.

కారణం: మొప్ప చేపకు ఊపిరి తీసే అవయవం మాత్రమే కాదు, నీటిలోని లవణాలను రక్తంలోకి లాగే ద్వారం కూడా. రాగి అక్కడ సోడియాన్ని లోపలికి పంపే ఎంజైములను అడ్డుకుంటుంది. జింకు, కాడ్మియం కాల్షియం దారిలో చొరబడతాయి. రక్తంలోని లవణాలు తగ్గిపోతుండగా, రక్షణ కోసం ఊరిన జిగురే ప్రాణవాయువుకు అడ్డుపడుతుంది. కఠిన జలంలోని కాల్షియం ఈ లోహాలతో పోటీపడి మొప్పను కొంత కాపాడుతుంది. అందుకే బోరు నీటిలో హాని చేయని రాగి, మెత్తని నీటికి మారగానే విషమవుతుంది.

ఆ రాగి తరచుగా మన ఇంట్లోనే ఉంటుంది: రాత్రంతా రాగి బిందెలో నిలిచిన నీరు, గీజరు నీరు, ఇత్తడి కుళాయిలో తెల్లవారేదాకా ఆగిన నీరు, తొట్టిలో మందుగా వేసినప్పుడు మోతాదు మించిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). జింకు పూత పూసిన ఇనుప (జీఐ) పైపుల నుంచి జింకు దిగుతుంది.

పరిష్కారం: కుళాయిని కొన్ని నిమిషాలు తెరిచి వదిలేశాక పట్టిన నీటితో, పావు వంతు చొప్పున పలుమార్లు మార్చండి. గాలి పంపును ఆపవద్దు. ఫిల్టరులో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి, లోహాలను బంధించే ఈడీటీఏ ఉన్న కండిషనర్ వాడండి. థయోసల్ఫేటు చుక్కలు క్లోరిన్‌కే పనికివస్తాయి. నీటిని కాచడం వల్ల లోహం పోదు, ఆవిరి పోయిన కొద్దీ చిక్కబడుతుంది.

చేప చురుగ్గా ఈదుతూనే మేతను పట్టించుకోకపోతే, రాగి దాని వాసన శక్తిని మొద్దుబార్చి ఉండవచ్చు. దీనికీ చికిత్స పైదే.

నెలల తరబడి మొప్పలు పాలిపోతే సీసం హిమోగ్లోబిన్ తయారీని అడ్డుకుంటున్నదేమో చూడాలి. వెన్ను వంగడానికి సీసం, కాడ్మియంతో పాటు విటమిన్ సి లోపం కూడా కారణం కావచ్చు కనుక మేతనూ పరిశీలించాలి. వంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు.

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడ పరిసరాల భూగర్భజలంలో ఎలక్ట్రోప్లేటింగ్ (లోహాలకు పూత వేసే పని) వల్ల చేరిన ఆరు వేలన్సీల క్రోమియం, అంటే ఆ లోహపు విషరూపం, కనబడింది. అక్కడి బోరు నీటిని తొట్టికి వాడవద్దు. ఆర్‌ఓ నీరు వాడితే ఖనిజాలు కలిపాకే పోయండి, ఎందుకంటే ఖనిజాలు లేని నీటిలో మిగిలిన కాస్త లోహమూ మొప్పకు మరింత సులువుగా అంటుకుంటుంది.