మొదటిసారి ఎన్‌ఏ మీటింగ్‌కి వెళ్తున్నారా?

డ్రగ్స్ మానాలని ఒంటరిగా తంటాలు పడుతున్నవాళ్లకి ఒక మాట. నార్కోటిక్స్ అనానిమస్ (ఎన్‌ఏ) అంటే డ్రగ్స్ మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే గ్రూపులు. ఆ మీటింగులకి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. వాళ్ల వెబ్‌సైట్లో మీ ఊరి పేరుతో వెతకండి. బయల్దేరేముందు అక్కడి నంబరుకి ఫోన్ చేసి టైము, ఏ భాషలో జరుగుతుందో కనుక్కోండి, జాబితాలు పాతబడుతుంటాయి. 'ఓపెన్' అని ఉంటే ఇంట్లోవాళ్లూ రావచ్చు, 'క్లోజ్డ్' అయితే ఆ సమస్య ఉన్నవాళ్లకే.

కాస్త ముందే వెళ్లండి, ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మాట్లాడాలని లేకపోతే 'ఈరోజు వింటాను' అనేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ గ్రూపు నచ్చలేదా, ఇంకోటి చూడండి; ఒక్కో చోట ఒక్కో తీరు. దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్‌వీ ఉన్నాయి.

మానేశాక ఒళ్లు వణుకు, ఫిట్స్ లాంటివి వస్తే మాత్రం మీటింగ్ కాదు, ముందు ఆసుపత్రి. డీఅడిక్షన్ సలహాకి 14446, టోల్ ఫ్రీ.