చెస్ టోర్నమెంట్ గేమ్‌ని, దాని ఓపెనింగ్‌ని (మొదటి ఎత్తుల్ని) ఎలా స్టడీ చేయాలి?

బోర్డు, స్కోర్‌షీట్ (గేమ్ ఎత్తులు రాసిన కాగితం), నోట్‌బుక్, పెన్సిల్ ఉంటే చాలు. బోర్డు మాత్రం అసలుదే ఉండాలి. ఫోన్‌లో వేలితో జరిపేసిన గేమ్ మర్నాటికి గుర్తుండదు.

ముందు ఎక్కడా ఆగకుండా చివరిదాకా ఒకసారి ఆడేయండి. ఆట ఎక్కడ తిరిగిందో పైపైన తెలిస్తే చాలు.

అసలు పని రెండోసారి. అందరూ పాడుచేసేదీ ఇక్కడే: వెంటనే ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) ఆన్ చేస్తారు. అది ప్లస్ 1.3 అంటుంది, తలూపి ముందుకు వెళ్లిపోతారు. ఎవరిది పైచేయో ఆ అంకె చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. దయచేసి ఈ విడత మొత్తం ఇంజిన్ ముట్టుకోకండి.

1918లో న్యూయార్క్‌లో కాపబ్లాంకా, మార్షల్ అనే ఇద్దరు గొప్ప ఆటగాళ్లు ఆడిన గేమ్ తీసుకోండి. ఓపెనింగ్ పేరు రుయ్ లోపెజ్. నల్లపావులతో ఆడిన మార్షల్ 8వ ఎత్తులో బంటుని డి5 గడికి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డు వరస) తోసి, ఇ5 బంటుని వదులుకున్నాడు. 13వ ఎత్తులో, నైట్ జి4కి రాకూడదనే కాపబ్లాంకా హెచ్3 ఆడితే, మార్షల్ సరిగ్గా అక్కడే పెట్టాడు. ఇక్కడ ఆగండి. మిగతా ఎత్తులు చేత్తో మూసేయండి. ఆ నైట్‌ని బంటుతో కొట్టేస్తే? నల్ల క్వీన్ హెచ్4కి దూకుతుంది, డి6 బిషప్ గురి అప్పటికే హెచ్2 మీద ఉంది. కాపబ్లాంకా కొట్టలేదు. క్వీన్‌ని ఎఫ్3కి తెచ్చి, జి4 నైట్‌కీ ఎ8 రూక్‌కీ ఒకేసారి గురిపెట్టాడు.

చెయ్యి తీసేలోపే మీ ఎత్తు, దానికి కారణం, ఎదుటివాడి జవాబు, మూడూ రాసేయాలి. మనసులో అనుకుంటే లెక్క కాదు. జవాబు చూశాక ఎవరికైనా ‘నేనూ అదే అనుకున్నా’ అనిపిస్తుంది. గేమ్‌కి ఇలాంటి చోట్లు నాలుగైదు చాలు. ఆ తర్వాతే ఇంజిన్, అదీ మీరు రాసినవి సరిచూసుకోవడానికే.

ఓపెనింగ్ ఆఖర్న చూడాలి. ముందే బట్టీ పట్టేవాళ్లు, ఎదుటివాడు పుస్తకంలో లేని ఎత్తు వేయగానే టెన్షన్ పడిపోతారు. పావులు చివరికి ఎక్కడికి చేరాయో తెలిశాకే మొదటి ఎత్తులు అర్థమవుతాయి. పాత గేముల డేటాబేస్ తెరిచి, మీ గేమ్ ఎక్కడ మామూలు దారి తప్పిందో వెతకండి. మార్షల్ 11వ ఎత్తులో డి5 నైట్‌ని వెనక్కి, ఎఫ్6కి తీశాడు. తర్వాతి కాలంలో అక్కడ బంటుని సి6కి నడిపి, నైట్‌ని డి5లోనే నిలబెట్టడం ప్రధాన మార్గమైంది. ఆ తేడా ఎందుకో మీ సొంత మాటల్లో రాయండి. అదే పొజిషన్ నుంచి నల్లపావులు ఓడిన గేములు కూడా రెండు మూడు తప్పకుండా ఆడి చూడండి. గెలిచినవే చూస్తే ఆ బంటుకి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో తెలియదు.