చెన్నై ఉక్కపోతలో ఫెర్రైట్ బిళ్ళ కొలవాలంటే

లాంథనమ్, గడోలినియం లాంటివి కొద్దిగా కలిపిన (డోపింగ్ చేసిన) ఫెర్రైట్‌కి, అంటే ఇనుప ఆక్సైడ్‌తో చేసిన అయస్కాంత పింగాణీకి, 100 హెర్ట్జ్ దగ్గర డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ ఛార్జిని ఎంత నిలవ చేసుకోగలదో చెప్పే అంకె) వేలల్లో వచ్చిందని జూనియర్లు సంబరంగా పరిగెత్తుకొస్తే నేను ముందడిగేది ఒక్కటే: "తమ్ముడూ, బిళ్ళ ఆరబెట్టావా?" నవంబరు వానల్లో ఇక్కడ ఉతికిన చొక్కానే ఓ పట్టాన ఆరదు. నానో పొడిని నొక్కి చేసిన బిళ్ళ నిండా సన్నటి సందులే, వాటి నిండా తేమే. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆ తేమే అంకెని పెంచేస్తుంది.

తేమతో పేచీ తూకం దగ్గరే మొదలవుతుంది. డోపింగ్‌కి వాడే లాంథనమ్ ఆక్సైడ్ గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చేసుకుంటుంది. డబ్బా మూత తీసి అలాగే తూచకండి. 900 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో (తేమ చొరబడని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూచండి.

డోపింగ్‌లో అత్యాశ పనికిరాదు. స్పినెల్ అనే ఈ ఫెర్రైట్ స్ఫటికంలో, చుట్టూ ఆరు ఆక్సిజన్లుండే ఆక్టాహెడ్రల్ స్థానంలో ఫెర్రిక్ (ఇనుము) అయాన్ వ్యాసార్థం 0.645 ఆంగ్‌స్ట్రాంలు, గడోలినియంది 0.938. అంత పెద్దది కొద్దిగానే ఇముడుతుంది, మిగిలింది ఆర్థోఫెర్రైట్ అనే వేరే పదార్థంగా (రెండో దశగా) విడిపోతుంది. రాగి కె-ఆల్ఫా కిరణాలతో తీసిన ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికాలని గుర్తుపట్టే ఎక్స్-రే పటంలో) 35.5 డిగ్రీల పెద్ద శిఖరానికి ఎడమ పక్కన, 33 దగ్గర చిన్న మొన ఉందేమో చూడండి. హెమటైట్ (మామూలు ఇనుప ఆక్సైడ్) కూడా అక్కడే తగులుతుంది కాబట్టి మిగతా గీతలూ సరిచూసుకోవాలి. ఏదైనా సరే, రెండో దశ ఉందంటే వచ్చిన మార్పునంతా డోపింగ్ ఖాతాలో వేయకూడదు.

పొడిలో పీవీఏ జిగురు రెండు చుక్కలు కలిపి నొక్కండి, 500 డిగ్రీల దగ్గర ఆ జిగురుని కాల్చేయండి. 1100 దాకా తీసుకెళ్తే గింజలు పెరిగిపోతాయి, ఇక నానో అనడానికి మొహం ఉండదు. అయినా అంటూనే ఉంటారనుకోండి! రెండు ముఖాలకీ వెండి పేస్టు పలచగా పూయండి. అంచు మీదకి పాకితే షార్టే, సన్న ఎమరీ కాగితంతో గీకేయండి.

ఇప్పుడు లెక్క. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ళకి స్థిరాంకం 20 అయితే కెపాసిటెన్స్ సుమారు 9.3 పికోఫారడ్లే. వైర్లు ఒక్క పికోఫారడ్ కలిపినా మీ 20 కాస్తా 22 దాటుతుంది. అందుకే కెపాసిటెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్‌లో ఓపెన్, షార్ట్ కరెక్షన్లు (వైర్ల వాటాని తీసేసే సవరణలు) ఆ హోల్డర్‌తోనే, ఆ వైర్లతోనే చెయ్యాలి. మా ల్యాబులో రాత్రిళ్ళు ఏసీ కట్టేస్తారు. అలాంటి చోట పొద్దున్నే కూర్చోకండి, గది కాస్త ఆరనివ్వండి.

బిళ్ళని ఉన్నదున్నట్టు ఒకసారి కొలవండి. తర్వాత 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి మళ్ళీ కొలవండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో విలువ బాగా పడిపోయిందంటే అది చాలావరకు నీళ్ళ పుణ్యమే. ఆరాక కూడా మిగిలే పెరుగుదలకి 1951లో కూప్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన కారణం ఉంది: ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్ల మధ్య గెంతే ఎలక్ట్రాన్లు గింజల సరిహద్దుల దగ్గర పోగుపడతాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ వేగం అందుకోలేవు. డోపింగ్ గురించి మాట్లాడాల్సింది ఈ మిగిలినదాని మీదే. రెండు వక్రాలనీ ఒకే గ్రాఫులో, ఫ్రీక్వెన్సీని లాగ్ స్కేలులో గీసి, కింద గది తేమ శాతం రాయండి.