టీ తాగగానే సిగరెట్ మీదికి మనసు లాగేస్తుంటే, నాకు కుదిరిన పద్ధతి

సిగరెట్ మానేశాక రోజంతా బాగానే ఉండేది, సాయంత్రం టీ పడగానే మాత్రం ప్రాణం లాగేసేది. మాది కందుకూరు వైపు, పొగాకు క్యూరింగ్ సీజన్లో, ఆకు ఆరబెట్టే బ్యారన్ల వాసనే చాలు మనిషిని చెడగొట్టడానికి. సోంపు, వక్కపొడి, బబుల్‌గమ్, రోజుకొకటి తగ్గించడం, ఏదీ నిలబడలేదు.

పనిచేసింది 2 మి.గ్రా. నికోటిన్ గమ్ (సిగరెట్ మానడానికి నమిలే మందు), అదీ టీకి ముందు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట లోపు నమిలితే నోట్లో మందు సరిగా పట్టదు, అందుకే వరస మార్చాను. టీ టైముకి ముప్పావుగంట ముందు నీళ్లతో నోరు పుక్కిలించి గమ్ వేసుకుని, మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టేస్తాను. ఆ ఘాటు తగ్గితే మళ్లీ నమిలి రెండో పక్కకి. ఇలా అరగంట, తర్వాత పారేసి టీ. బబుల్‌గమ్‌లా కరకరా నమిలారనుకోండి, ఎక్కిళ్లు, కడుపులో మంట. టీ కూడా బంకు దగ్గర కాదు, ఇంట్లోనే. అయినా లాగితే వీధి చివరిదాకా నడిచొస్తా, మామూలుగా కొద్ది నిమిషాల్లో ఆ ఊపు దిగిపోతుంది.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. లేచిన అరగంటలోపే సిగరెట్ కావాల్సిన వాళ్లకి 4 మి.గ్రా. అవసరం పడొచ్చు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడిగే వాడండి. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత క్విట్‌లైన్ నంబర్ 1800-112-356.