దమ్ముతో (ఆయాసంతో) వచ్చిన మనిషికి మొదటి గంటలో ఏం చేయాలి

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి "దమ్ము ఎగపోస్తాంది సారూ" అంటూ పీహెచ్‌సీకి వస్తే, ఆ మాట వెనక నిమ్ము (న్యుమోనియా) ఉండొచ్చు, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే పాత జబ్బు) ముదిరి ఉండొచ్చు, టీబీ ఉండొచ్చు. మూడూ కలిసే ఉండొచ్చు కూడా. జబ్బు పేరు తర్వాత చూసుకోవచ్చు. ముందు నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్క తేలాలి.

వార్డులో చార్టు తిరగేస్తే అందరికీ 20, 22 అని రాసి ఉంటే, ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తేడా వస్తుంది. నిర్ణయం మారేది సరిగ్గా 30 దగ్గర కాబట్టి ఆ నాలుగు చిన్న తేడా కాదు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం పొట్ట మీద ఉంచి, 60 సెకన్లూ లెక్కపెట్టండి. చెప్పి లెక్కపెడితే ఊపిరి తీరు మారిపోతుంది. కొంగు కప్పుకున్న అవ్వకైతే కొంగు కదలిక చూసినా సరిపోతుంది.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టేముందు వేలికి అంటిన రాతి దుమ్ము, గోళ్ల రంగు తుడవండి. వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టి, అంకె నిలకడగా నిలిచాకే రాయండి. బీడీ, చుట్ట బాగా తాగేవాళ్లలో అసలు కన్నా ఎక్కువ చూపించే వీలుంది. ఆక్సిజన్ పెట్టకముందు వచ్చిన అంకెను విడిగా రాసుకోవాలి. పెద్దాసుపత్రిలో మొదట అడిగేది దాన్నే.

జ్వరం, గాఢంగా ఊపిరి పీలిస్తే ఒక పక్కనే పోటు, స్టెత్‌కు ఒకచోటే చిటపటలు: ఇది నిమ్ము వైపు. రెండు పక్కలా పిల్లికూతలు, ఊపిరి వదలడానికే ఎక్కువసేపు పట్టడం, గళ్ల (కఫం) పెరిగి పసుపుపచ్చగా మారడం: ఇది పాత జబ్బు, అంటే సీఓపీడీ, రేగడం. ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపిస్తే రెండింటికీ వైద్యం చేయాలి. "పాత దమ్మే కదా" అని రోజూ నెబులైజర్ పెట్టి ఇంటికి పంపడంలోనే నిమ్ము తప్పిపోతుంది. ముసలివాళ్లకు జ్వరమే రాకపోవచ్చు. తిండి మానేసి, మాట తడబడితే అదే గుర్తు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చి ఒక పక్క ఊపిరి శబ్దమే వినపడకపోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో చూడాలి. కాళ్లవాపు ఉంటే గుండె సంగతి చూడాలి.

నిమ్ము తీవ్రతకు సీఆర్‌బీ-65 అనే మార్కుల లెక్క చాలు, రక్తపరీక్ష అక్కర్లేదు. కొత్తగా వచ్చిన తికమక, ఊపిరి 30 లేదా ఎక్కువ, పై బీపీ 90 కన్నా తక్కువ లేదా కింది బీపీ 60కి మించకపోవడం, వయసు 65 లేదా ఎక్కువ. ఒక్కోదానికి ఒక మార్కు. సున్నా అయితే ఇంటి దగ్గర వైద్యం సరిపోతుంది. ఒకటి, రెండు వస్తే ఆసుపత్రి ఆలోచన, మూడు లేదా ఎక్కువైతే వెంటనే 108. ఆధార్‌లో వయసు నమ్మొద్దు, మనిషిని చూసి అంచనా వేయండి. ఈ లెక్కలో ఆక్సిజన్ లేదు కాబట్టి, పాత ఊపిరితిత్తుల జబ్బు లేని మనిషికి ఆక్సీమీటర్ అంకె 92 కన్నా తగ్గితే మార్కులతో పనిలేకుండా చేర్చాల్సిందే.

ఎక్కువ తప్పులు జరిగేది ఆక్సిజన్ దగ్గరే. సీఓపీడీ మనిషికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, మిగతావాళ్లకు 94 నుంచి 98. సీఓపీడీ మనిషికి ముక్కు గొట్టంతో నిమిషానికి 1, 2 లీటర్లతో మొదలుపెట్టండి. ఆక్సిజన్‌ను కొలిచినట్టు ఇచ్చే వెంచురీ మాస్క్ ఉంటే నీలం ముక్క 2 లీటర్లకు 24 శాతం, తెల్లముక్క 4 లీటర్లకు 28 శాతం ఇస్తుంది. మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి చూడాలి. అర్ధరాత్రి 8 లీటర్లు పెట్టగానే అంకె 99కి చేరుతుంది, రోగి కళ్లు మూసుకుంటాడు. "పాపం, రెండు రాత్రులుగా నిద్రలేదు, పడుకోనీ" అని అందరూ ఊరుకుంటారు. అది నిద్ర కాకపోవచ్చు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని వచ్చిన మగత కావొచ్చు. లేపి చేతులు ముందుకు చాపమనండి. మణికట్టు రెక్కల్లా టపటపలాడుతూ, అరచేతులు వెచ్చగా ఉంటే అనుమానం గట్టిదే. అప్పుడు కూడా గొట్టం ఒక్కసారిగా పీకేయకూడదు, అంకె మరీ కిందికి పడిపోతుంది. మెట్టుమెట్టుగా 88-92కి తేవాలి. ఈ భయంతో 75లో ఉన్న మనిషికి ఆక్సిజన్ పెట్టకపోవడం మరీ పెద్ద తప్పు. రక్తవాయు పరీక్షలో పీహెచ్ 7.35 కన్నా తక్కువ, బొగ్గుపులుసు వాయువు 45 దాటితే బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషన్) కావాలి. అందుకు కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రులకు ఆలస్యం లేకుండా పంపాలి.

నెబులైజర్‌లో సాల్‌బుటమాల్ 2.5 మి.గ్రా., ఇప్రాట్రోపియం 500 మైక్రోగ్రాములు వేసి, సెలైన్‌తో మొత్తం 3, 4 మి.లీ. చేయండి. 2 మి.లీ.కి తగ్గితే పొగ సరిగా రాదు. సీఓపీడీకి గాలి మిషన్‌తోనే పెట్టాలి. ఆక్సిజన్‌తో నడపక తప్పకపోతే 6 నిమిషాలకు మించనీయొద్దు.

రేగిన సీఓపీడీకి ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 40 మి.గ్రా. ఐదు రోజులు, అంతే. షుగరు పెరుగుతుంది, చూస్తుండాలి. గళ్ల రంగు మారి, దాంతోపాటు ఆయాసమో గళ్ల పరిమాణమో పెరిగితేనే యాంటీబయాటిక్. ఇంటి దగ్గర చూసుకునే నిమ్ముకు డాక్టరు అమాక్సిసిలిన్ రోజుకు మూడుసార్లు ఐదు రోజులు రాస్తే సాధారణంగా సరిపోతుంది. చేర్చిన రోగికి సెఫ్ట్రియాక్సోన్‌కు అజిత్రోమైసిన్ జతచేస్తారు. లివోఫ్లోక్సాసిన్ ముందే అందుకోవద్దు. అది టీబీని కొన్నాళ్లు అణచిపెట్టి, రోగం తేలడాన్ని ఆలస్యం చేస్తుంది. రాతిలోని సిలికా దుమ్ములో పనిచేసినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ కాబట్టి, దగ్గు రెండు వారాలు దాటితే గళ్లను సీబీనాట్‌, ట్రూనాట్‌ అనే టీబీ పరీక్షల్లో ఏదో ఒకదానికి పంపండి.

పెద్దాసుపత్రికి పంపేముందు మందు మొదటి మోతాదు ఇక్కడే వేసి, ఆ టైము చీటీలో రాయండి. దారిలో వాడే బి టైప్ ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది, 10 లీటర్లయితే రెండున్నర గంటలే.

ఇంటికి పంపేటప్పుడు ఇన్హేలర్ చీటీ చేతిలో పెట్టి ఊరుకోవద్దు, ఎదురుగా ఒకసారి పీల్చి చూపించమనండి. ఇన్హేలర్‌లో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్‌ను మాత్రలా నీళ్లతో మింగేవాళ్లు ఉన్నారు. 50 దాటి బీడీ తాగే మనిషికి నిమ్ము తగ్గాక ఆరు వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. మచ్చ అలాగే ఉంటే క్యాన్సరేమో చూడాలి.