గొంగడి, గద్వాల చీర, తేలియా రుమాలు: పాతవాటిని ఎంచుకోవడం, వాడుకోవడం, దాచుకోవడం

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత ఇల్లు విప్పేటప్పుడో, బతుకమ్మ పండుగకు ముందు సర్దుళ్లు మొదలైనప్పుడో అటక మీది సందుగ కిందికి దిగుతుంది. అడుగున తాతగారి గొంగడి, దాని మీద తెల్లగుడ్డలో చుట్టిన గద్వాల చీర, ఒక మూలన ఎర్రని రుమాలు, ఎప్పుడో చంటిపిల్లకు అల్లిన ఊలు స్వెట్టరు కనిపిస్తాయి. వాటిని చూడగానే చాలామంది మొదట చేసే పని ఉతకడం. ఆ పని వెంటనే చేయవద్దు. ఇంట్లో ఉన్న ఒక గొంగడిని నేను వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెట్టి, ఆపైన వాషింగ్ మెషీన్‌లో తిప్పాను. బయటికి తీసేసరికి అది సగానికి ముడుచుకుపోయి, అట్టలా గట్టిపడి ఉంది. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయని, వేడి, రాపిడి, సబ్బు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోతాయని, ఆ చిక్కు ఇక విడదని నాకు తరువాత తెలిసింది. ఏ బట్ట ఎలా తయారైందో ముందు తెలుసుకుంటే దానిని కొనడంలోనూ, వాడడంలోనూ, దాచడంలోనూ చేసే పొరపాట్లు చాలావరకు తప్పుతాయి.

గొంగడితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో దానికి ఉన్నంత వాడుక మరే ఉన్ని బట్టకూ లేదు, దానికి జరిగినంత నిర్లక్ష్యమూ మరే బట్టకూ జరగలేదు. దక్కని జాతి నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, శుభ్రం చేసి, ఏకి, రాట్నం మీద వడికి, ఆ నూలును పడుగుగా (నిలువు పోగులుగా) సాగదీసి, చింతగింజలను నానబెట్టి రుబ్బి ఉడికించిన గంజిని దానికి పట్టించి, గుంట మగ్గం మీద నేస్తారు. ఈ పని తరతరాలుగా కురుమల చేతుల్లో ఉంది, అందులో వడకడం ఎక్కువగా స్త్రీల పని. కొత్త గొంగడి బిరుసుగా ఉండడానికి సగం కారణం ఆ గంజి, మిగతా సగం ఆ ఉన్ని స్వభావమే. దక్కని గొర్రె ఉన్ని ముతకది. మెత్తని మెరినో ఉన్ని శాలువాలాగా మెడ చుట్టూ చుట్టుకోవాలని గొంగడి కొని, తరువాత గుచ్చుకుంటోందని నొచ్చుకుంటే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే అవుతుంది. దానిని దుప్పటి మీద రెండో పొరగా కప్పుకోవాలి, నేల మీద పరుచుకోవాలి, వానలో మడిచి తల మీదుగా వేసుకోవాలి. వాడినకొద్దీ అదే మెత్తబడుతుంది.

అసలు గొంగడిని గుర్తించడం కష్టం కాదు. నలుపు గొర్రె ఒంటి రంగే కనుక తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినా రంగు అంటుకోకూడదు. అంటుకుంటే అది అద్దకపు నలుపు. దగ్గరగా చూస్తే నలుపులో ముదురు గోధుమ, బూడిద వెంట్రుకలు కలిసి కనిపిస్తాయి. ఎండలో ఏళ్ల తరబడి వాడిన గొంగడి అంచులు గోధుమరంగుకు తిరగడం సహజమే, అది లోపం కాదు. చేతితో వడికిన నూలు కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నగా ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే అంచు దగ్గర ఒక్క పోగు లాగి, నీళ్ల గిన్నె మీద పట్టుకొని వెలిగించి చూడాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పట్టు కూడా ఉన్నిలాగానే కాలుతుంది, పత్తి నూలు మాత్రం కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్ష సందుగలోని సగం బట్టలకు పనికివస్తుంది.

పాత గొంగడి చేతికి వస్తే మొదట ఆరుబయట దులిపి, మెత్తని బ్రష్షుతో ఒకే దిశలో తుడిచి, ఒక పూట ఎండలో వేయాలి. పురుగు తిన్న చోట చిన్న చిన్న చిల్లులు, సన్నని గూడు పోగులు కనిపిస్తాయి. అవి ఉంటే మిగతా బట్టల్లో కలపకుండా రెండు మూడు రోజులు ఎండకు పెట్టి, మడతలు తిప్పుతూ మళ్లీ మళ్లీ దులపాలి. మరకలు తప్పవనుకుంటే చన్నీళ్లతో, కొద్దిపాటి కుంకుడు రసంతో ఆ చోటు మాత్రమే తడిపి, పిండకుండా, తువ్వాలు మధ్య ఒత్తి, నీడలో చదునుగా ఆరబెట్టాలి. మొత్తం ఉతికితే చింతగింజల గంజి పోతుంది, గొంగడికి ఉన్న ఆ నిలకడ కూడా దానితోనే పోతుంది. ఇక గొంగడిని కత్తిరించి సంచులు, కుర్చీల దిండ్లు కుట్టించడం నాకు అంతగా నచ్చదు. చిరిగిపోయిన ముక్క అయితే సరే, కానీ కత్తెర పెట్టే ముందు గీత వెంట రెండువైపులా కుట్టు వేయించకపోతే నేత విడిపోతుంది.

చేతితో అల్లిన స్వెట్టరు సంగతి వేరు. గొంగడిలో పడుగు, పేక (అడ్డపోగులు) రెండూ ఉంటాయి కనుక ఒక పోగు తెగినా చుట్టుపక్కల పోగులు పట్టి ఉంచుతాయి. అల్లికలో మాత్రం ఒకే దారం ఉచ్చులుగా నడుస్తుంది, ఒక ఉచ్చు జారితే దాని కింద ఉన్నదీ, ఆ కింద ఉన్నదీ వరుసగా జారుతాయి. కాబట్టి జారిన ఉచ్చు కనబడగానే దానిలోకి పిన్నీసు గుచ్చి ఆపి, తరువాత అల్లిక తెలిసినవారికి చూపించాలి. తడి స్వెట్టరును దండెం మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది, చదునుగా పరచి ఆరబెట్టాలి. పిల్లకు చిన్నదైపోయిన స్వెట్టరును విప్పి, ఆ దారాన్ని చిలపగా చుట్టి, తడిపి బరువు కట్టి ఆరనిస్తే వంకరలు పోయి మళ్లీ అల్లికకు వస్తుంది. మన దగ్గర చలి ఉండేదే రెండు నెలలు, అందుకే ఇటువంటి స్వెట్టర్లు అరగకుండా సందుగల్లో ఎక్కువగా మిగిలిపోయాయి.

గద్వాల చీర గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. విడివిడిగా నేసి కుట్టినవి కావు, మగ్గం మీదనే అంచు పేకపోగునూ ఒంటి పేకపోగునూ ఒకదానితో ఒకటి మెలివేసి కలుపుతారు. ఆ పద్ధతిని కుప్పడం అంటారు. పాత చీర కొనేటప్పుడు దాని ఆయువు తెలిసేది ఈ కలయిక దగ్గరే. చీరను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకొని, అంచు పొడవునా ఆ గీతను చివరి నుంచి చివరికి చూడాలి. నూలు నీళ్లకు కుంచించుకుపోతుంది, పట్టు అంతగా కుంచించుకోదు. జాగ్రత్త లేకుండా ఉతికిన చీరలో ఆ గీత వెంట ముడతలు లేస్తాయి, తరువాత అక్కడే పోగులు తెగుతాయి. ముడతలు మాత్రమే ఉంటే కొనవచ్చు. పోగులు జానెడు పొడవున విడిపోయి ఉంటే మాత్రం రఫూ చేసేవారి దగ్గర అయ్యే ఖర్చును ధరలో తగ్గించుకొని మాట్లాడుకోవాలి.

జరీని కూడా ఆ వెలుగులోనే చూడాలి. వెండితీగకు బంగారుపూత పూసిన పాత జరీ లోపల పట్టుదారం ఉంటుంది, గాలికీ అత్తరుకూ నల్లబడుతుంది. రాగితీగ జరీ గీకినచోట ఎర్రబారుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, అదే దాని గుట్టు విప్పుతుంది. కాబట్టి ఏళ్లనాటి చీర అని చెబుతూ జరీ తళతళలాడుతుంటే సంతోషపడే ముందు ఒకసారి అనుమానించాలి. నల్లబడిన జరీని నిమ్మకాయతోనో చింతపండుతోనో రుద్దకూడదు. రాగిచెంబును తోమినట్టు చీరను తోమితే పక్కన ఉన్న పట్టు రంగు పోతుంది. తిరుమల వేంకటేశ్వరస్వామికి ఏటా బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు నేసి పంపే ఆచారం గద్వాల సంస్థానం నాటి నుంచి ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఆ ఊరి నేతపని ఇంకా బతికి ఉన్నది కనుక పాత చీర ఒళ్లు పూర్తిగా చీకిపోయినా, అంచూ కొంగూ బాగుంటే పారేయకుండా గద్వాలలోనే నేతగాళ్లను అడిగి చూడడం మంచిది.

నారాయణపేట చీరల్లో గళ్లు, ముదురు అంచు మరాఠా ప్రాంతపు ఛాయను గుర్తుచేస్తాయి. అవి రోజువారీ కట్టుకు వచ్చినవి కనుక పాతవి చాలావరకు అరిగిపోయి దొరుకుతాయి. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: పేట వేరు, పురం వేరు. తేలియా రుమాళ్లు నేసే పుట్టపాక ఉన్నది పూర్వపు నల్లగొండ జిల్లాలోని సంస్థాన్ నారాయణపురం మండలంలో. అమ్మేవారే కలిపేసి చెప్పడం నేను విన్నాను.

తేలియా రుమాలు గుర్తు వాసనలోనే ఉంది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద నీటిలోనూ రోజుల తరబడి మార్చి మార్చి నానబెట్టి పిసుకుతారు. బూడిదలోని క్షారం నూనెను పోగులోకి దింపుతుంది, దానితో ఎరుపు రంగు లోతుగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే ఉన్న చదరపు బట్ట, ముక్కుకు దగ్గరగా పెడితే లీలగా నూనె వాసన వస్తే అది మంచి సంకేతం. ఆ వాసన పోగొట్టాలని సబ్బులో నానబెట్టేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఇవి ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఎగుమతి అయ్యాయి, మన దగ్గర పశువుల కాపరులూ జాలర్లూ వాడుకున్నారు. గడియారం, విమానం బొమ్మలు వేసిన పాత రుమాలు దొరికితే అది అరుదైనదని తెలుసుకోవాలి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పోచంపల్లి చీరకూ, రుమాలుకూ నకిలీని పట్టే పద్ధతి ఒక్కటే. నేయకముందే పోగులను రబ్బరు ముక్కలతో అక్కడక్కడ బిగించి కట్టి (దీనినే చిటికి అంటారు) రంగుల్లో ముంచుతారు కనుక బట్టకు రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు ఈకల్లా కొద్దిగా చెదిరి ఉంటాయి. అచ్చు వేసిన బట్ట వెనుకవైపు వెలిసి, అంచులు గీత గీసినట్టు ఉంటాయి. ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ మార్చి మార్చి తిప్పడంలో, చేతులు పడే శ్రమను తగ్గించే యంత్రాన్ని ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కాబట్టి యంత్రంతో ఆసు పోశారని వింటే అది చేనేత కాదని అనుకోకూడదు, నేత మగ్గం మీదే జరుగుతుంది. కొత్తవి కొనేటప్పుడు 2006లో మొదలైన చేనేత మార్కు చూసుకోవచ్చు. పాతవాటికి ఏ గుర్తూ ఉండదు, కన్నూ చెయ్యీ ముక్కే ఆధారం.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీ స్త్రీల పాత ఫేటియాలు (లంగాలు), కాంచళ్లు (రవికెలు) అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. అద్దాలు, గవ్వలు, పాత నాణేలు కుట్టిన ఈ బట్టలు పెళ్లినాటివి కావచ్చు. అవసరానికి అమ్ముకుంటున్న ముసలమ్మతో బేరమాడడం నాకు సమ్మతం కాదు, అడిగిన ధర ఇవ్వగలిగితే కొనాలి, లేకుంటే చూసి ఆనందించి రావాలి. వీటిని నీళ్లలో ముంచకూడదు, రంగు దారాలు ఒకదానిలోకి ఒకటి దిగుతాయి. పొడి బ్రష్షుతో దులిపి, వదులైన అద్దాలకు అదే రంగు దారంతో కుట్టు వేస్తే చాలు.

దాచడానికి ప్లాస్టిక్ కవరు పనికిరాదు, చెమ్మ లోపలే నిలిచిపోతుంది. ఉతికి గంజి పెట్టని పాత నూలుగుడ్డలో చుట్టి, పూర్తిగా ఎండిన వేపాకును విడిగా చిన్న మూటకట్టి పక్కన పెట్టాలి. పచ్చి ఆకు పెడితే మరక పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. మూడు నాలుగు నెలలకు ఒకసారి బయటికి తీసి, పాత మడత మీద కాకుండా కొత్త చోట మడవాలి, ఎందుకంటే పట్టు మడత గీత దగ్గరే ముందుగా చిట్లుతుంది. బరువైన జరీ అంచు చీరను హ్యాంగరుకు వేలాడదీయకుండా వీలైతే గుండ్రని కర్రకు చుట్టి ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఏడాదికి ఒకటి రెండుసార్లు కట్టుకోవాలి, కప్పుకోవాలి, గాలి తగలనివ్వాలి.

ఆ మూటలో ఒక చీటీ కూడా ఉంచండి. ఎవరు వాడారు, ఏ ఊరి నేత, ఏ ఏడు చేతికి వచ్చింది అన్న మూడు ముక్కలు చాలు. వాటిని పెన్సిలుతో రాయాలి, చెమ్మ తగిలినప్పుడు పెన్ను సిరా కాగితం దాటి బట్టలోకి దిగుతుంది.