ఘాటైన రెడ్ వైన్ రుచి చూడటం – 4వ పాఠం: ‘స్ట్రాంగ్’ అని రాసి ఊరుకుంటే చాలదు

పోయిన పాఠం చివర కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్షతో చేసిన ఒక రెడ్ వైన్ తెచ్చుకుని, రుచి చూశాక నాలుగు వాక్యాలు రాసి పంపమన్నాను. వచ్చిన నోట్సులో చాలావరకు ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి: ‘స్ట్రాంగ్‌గా ఉంది’. ఇంకాస్త కష్టపడ్డవాళ్లు ‘చాలా స్ట్రాంగ్’ అన్నారు. అందుకని ఈసారి రావాల్సిన వాసనల పాఠం వాయిదా. ముందు ఈ స్ట్రాంగ్ సంగతి తేలాలి.

గొంతులో మంట పుట్టినవాళ్లూ అదే మాట రాశారు, నాలుక పిడచకట్టుకుపోయినవాళ్లూ అదే రాశారు. ఇలాంటి వైన్‌లో నాలుగింటిని విడివిడిగా పట్టుకోవాలి: వగరు, పులుపు, ఆల్కహాల్ మంట, నోట్లో బరువు.

వగరు టానిన్ల పని. అవి ద్రాక్ష తొక్క, గింజ, కాడల నుంచి వస్తాయి, కొంత ఓక్ పీపా నుంచి కూడా. లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టించేస్తాయి, దాంతో నోట్లో ఉండే జారుడు పోతుంది. గుక్క ఉమ్మేశాక (నేను మింగను, మీరూ మింగకండి) నాలుకను పై పళ్ల ముందు వైపు అడ్డంగా పోనివ్వండి. గరుకుగా తగిలి, పై పెదవి లోపలి వైపు పళ్లకు అతుక్కుంటే అది వగరు. పులుపు చేసేది దీనికి తలకిందులు, అది నోరు ఊరిస్తుంది. ఉమ్మేశాక తల కొంచెం వంచి ఐదు సెకన్లు ఆగండి. నాలుక కింద నీరు ఎంత తొందరగా చేరితే పులుపు అంత ఎక్కువ. మంట గొంతులో, ముక్కులో తెలిసిపోతుంది. బరువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నీళ్లకూ పాలకూ నోట్లో ఉండే తేడా లాంటిదే.

ఇక నన్ను విసిగించిన విషయం, రంగు. ‘గ్లాసులో నల్లగా కనిపించింది, కాబట్టి టానిన్లు ఎక్కువ’ అని ఎంతమంది రాశారో! రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు, వగరునిచ్చేవి టానిన్లు. రెండూ తొక్కలో ఉండేవే అయినా ఒకటి ఎక్కువైతే రెండోదీ ఎక్కువ కావాలన్న రూలేం లేదు. బరోలో అనే వైన్‌నే తీసుకోండి. ఇటలీలోని పీడ్‌మాంట్‌లో నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. గ్లాసు వెనక వేలు పెడితే కనబడేంత పలుచటి రంగు, పాతబడేకొద్దీ అంచున ఇటుక ఛాయ. తేలికైన వైన్ కదా అని పెద్ద గుక్క వేశారంటే చిగుళ్లు బిగుసుకుపోతాయి. అటు అర్జెంటీనాలోని మెండోసాలో మాల్బెక్ ద్రాక్షతో చేసే వైన్ చిక్కటి ఊదా రంగులో ఉంటుంది, వగరు మాత్రం చాలాసార్లు మెత్తగానే తగులుతుంది. ఫ్రాన్స్‌లోని మాదిరాన్‌లో పండే తన్నా అనే ద్రాక్ష వైన్‌కు రంగూ వగరూ రెండూ దండిగా ఉంటాయి. అలాంటిది ఒక్కటి తాగినవాళ్లకే ఈ భ్రమ గట్టిగా పట్టుకుంటుంది.

బోర్డోలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారు. కన్ను ముందే తీర్పు చెప్పేస్తే ముక్కూ నాలుకా వంత పాడతాయి. చదువుకుంటున్నవాళ్ల పరిస్థితే అది, మనమెంత?

గ్లాసు గోడ మీద జారే ధారలను చూసి మురిసిపోవడమూ ఇలాంటిదే. ఆల్కహాల్ ముందు ఆవిరై తలతన్యత మారడం వల్ల అవి ఏర్పడతాయి, జేమ్స్ థామ్సన్ 1855లోనే చెప్పేశాడు. నాణ్యతతో సంబంధం లేదు.

వైన్ 16–18 డిగ్రీల మధ్య ఉండాలి. వెచ్చగా ఉంటే మంట పైకి తేలుతుంది, మరీ చల్లగా ఉంటే వగరు కరుస్తుంది. నేను థర్మామీటర్ జోలికి పోను, గదిలో ఉన్న సీసాను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడతాను, అంతే. ఇంకో మాట. వగరు గుక్కగుక్కకూ పేరుకుంటుంది. మొదటి గుక్క నోటిని సిద్ధం చేయడానికే, వగరు, పులుపు, మంట, బరువు ఎంతున్నాయో చెప్పే అంకెలు రెండో గుక్కకు వేయండి. వైన్ మారేటప్పుడు ఉత్త బ్రెడ్ ముక్క, నీళ్లు, రెండు నిమిషాల విరామం.

మీలో ఒకరి నోటు: ‘చాలా స్ట్రాంగ్, రిచ్‌గా ఉంది, బ్లాక్‌బెర్రీ, ప్లమ్, చాక్లెట్, లెదర్.’ ఈ పండ్ల జాబితాలు నాకు అసలు పడవు. దీని బదులు ఇలా రాయండి: ‘వగరు 8, పళ్ల మీద గరుకుగా, పులుపు 5, మంట 6, గొంతులో మాత్రమే, బరువు 7.’ చదివినవాళ్లకు సీసా తెరవకముందే నోట్లో ఏం జరగబోతోందో తెలుస్తుంది.

అభ్యాసం: మాల్బెక్, సిరా (Syrah, ఇదీ ఒక ద్రాక్ష పేరే), నెబ్బియోలో వైన్లు ఒక్కో సీసా. బరోలోనే అక్కర్లేదు, అదే పీడ్‌మాంట్‌లోని లాంగె ప్రాంతపు నెబ్బియోలో చాలు. ఇంకొకరిచేత 50 మిల్లీలీటర్ల చొప్పున పోయించుకుని కళ్లు మూసుకుని రుచి చూడండి, అంకెలు వాళ్లనే రాయమనండి. ఆల్కహాల్ శాతం ఊహించి చెప్పాకే లేబుల్ చూడాలి. యూరప్ లేబుళ్లకే అర శాతం అటూ ఇటూ వెసులుబాటు ఉంది, కాబట్టి అంతలోపు తేడాకు బెంగపడకండి. సీసాలకు బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వరుస మార్చి మళ్లీ చేయండి. ఒకే వైన్‌కు రెండు రోజుల వగరు అంకెల్లో రెండుకు మించి తేడా వస్తే నోట్సు పంపకండి, మూడోసారి కూర్చోండి.